తాగకుండా తూలిన నేరం

ఇప్పిలి ఎర్రిబాబు వైద్యానికి రోగి చచ్చిపోయి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. బతికి బట్టకట్టడం వల్లనే వచ్చింది చిక్కంతా.

ఎర్రిబాబు డాక్టరు కాదు. కిలకిల ఛానల్లో వారం వారం వచ్చే ‘పకపక బజార్’లో హాస్యనటుడు. పార్వతీపురం బస్సుల కాంప్లెక్సులో కండక్టర్ల గొంతులు అనుకరించి జనాన్ని పోగుచేసుకునే రోజుల్లోనే అతని మొహానికి ఒక పేరుండేది. అది ఎప్పుడు చూసినా ఇప్పుడే ఏదో పారేసుకున్నవాడి మొహం. స్టేజీ మీదికి వచ్చి మాట్లాడకుండా జేబులు తడుముకుంటే చాలు, జనం పొట్టలు పట్టుకునేవారు. ఆ మొహాన్ని నమ్ముకునే అతను భార్య కనకమాలక్ష్మిని వెంటబెట్టుకుని హైదరాబాదు రైలెక్కాడు. కృష్ణానగర్లో రెండు గదుల ఇంట్లో ఆమె జాకెట్లు కుట్టింది, అతను చిన్నాచితకా వేషాలు వేశాడు. చివరికి ‘సూదిమందు సింహాచలం’ అనే నాటువైద్యుడి వేషంతో రాత్రికి రాత్రి ఇంటింటి మనిషయ్యాడు.

సింహాచలం చేతిలో సైకిలు పంపంత సిరంజి ఉండేది. రోగం ఏదైనా మందొకటే: “వేణ్ణీళ్ళు తాగి, చన్నీళ్ళు తలుచుకో!” ఈ మాట పిల్లలు బళ్ళో అనేవారు, పెద్దలు పెళ్ళిళ్ళలో అనేవారు.

ఎక్కడో ఒక రైసుమిల్లు యజమాని ఉన్నాడు. కడుపునొప్పితో ఏళ్ళ తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగి విసిగిపోయి, ఒక శుభముహూర్తాన వేణ్ణీళ్ళు తాగి, చన్నీళ్ళు తలుచుకున్నాడు. తగ్గిపోయింది. కృతజ్ఞత పట్టలేక ఊరి సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు: ‘ప్రాణదాత డాక్టర్ ఎర్రిబాబు గారికి పాదాభివందనం’. ఎర్రిబాబు సిరంజితో నిలబడి ఉంటే, కింద మిల్లు యజమాని, ఆయన అన్నదమ్ములు, బావమరుదులు వరసగా దండాలు పెడుతున్న ఫ్లెక్సీ అది.

డాక్టర్లకు మండింది. అర్హత లేనివాడు రోగిని చంపితే చట్టం ఉంది, నయం చేస్తే ఏ చట్టం ఉంది? ఈ ప్రశ్న శాసనసభకు వచ్చింది. టీ విరామం ఎప్పుడన్న విషయంలో కూడా ఏకాభిప్రాయానికి రాని రెండు పక్షాలూ ఈ విషయంలో ఒక్కటయ్యాయి. ఎవరు ఏ పాత్ర వేస్తారో ఆ పనిలో వారికి నిజమైన అర్హత ఉండి తీరాలని చట్టం చేశారు. అమలు చూడటానికి ‘రాష్ట్ర అభినయ అర్హతల ప్రాధికార సంస్థ’ ఏర్పడింది. దానికి అధ్యక్షులుగా మత్స్యశాఖలో పదవీ విరమణ చేసిన వరాహమూర్తి గారిని నియమించారు. చేపలు మాట్లాడవు కనుక ఆయన సర్వీసంతటిలోనూ ఆయన మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు.

మొదటి విచారణ ఎర్రిబాబుదే. కొత్త వార్నిషు వాసన వేస్తున్న గదిలో, వరాహమూర్తి గారు కండువా సర్దుకుంటూ ఎత్తైన కుర్చీలో కూర్చున్నారు. పక్కన కార్యదర్శి నరహరి, చెవి వెనక పెన్ను పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

“తమరేనా సదరు ఎర్రిబాబు?”

“అవునండి బాబు.”

“వైద్యవిద్య యందు తమరి అర్హత?”

“నాకేటి అర్హతండి బాబు! తెల్లకోటు, మెళ్ళో గొట్టం. అంతే. అదొక వేషం.”

“అనగా, వైద్యులు కానప్పటికీ వైద్యుని వలె ప్రవర్తించినట్లు అంగీకరించుచున్నారు.”

“దాన్ని యాక్టింగంటారండి బాబు.”

వరాహమూర్తి గారి కళ్ళు మెరిశాయి. కార్యదర్శి వైపు తిరిగి, “నరహరీ, ఆ పదం రాసుకోవయ్యా. నేరం పేరు ఇంతవరకు మనకు తెలియలేదు” అన్నారు.

ఎర్రిబాబు బిక్కచచ్చిపోయాడు. అయినా నోరు ఊరుకోలేదు. “మరైతే బాబు, రాజు వేషం ఎయ్యాలంటే రాజ్యముండాలేటి?”

“ఉండవలెను. లేని పక్షమున, రాజ్యము పోగొట్టుకున్న రాజు పాత్రకు దరఖాస్తు చేసుకొనవచ్చును. పోగొట్టుకున్నట్లు రుజువు చూపవలెను.”

“పీనుగు వేషమో?”

వరాహమూర్తి గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. “ఆ పాత్రకు అభ్యర్థి స్వయముగా హాజరు కానక్కరలేదు” అన్నారు.

సూదిమందు సింహాచలం ఆ రోజుతో కాలం చేశాడు. సిరంజిని సంస్థవారు స్వాధీనం చేసుకున్నారు.

‘పకపక బజార్’ డైరెక్టరు క్రాంతి కుర్రవాడు, ఆశావాది. ఎర్రిబాబు భుజం మీద చెయ్యేసి, “అన్నా, టెన్షన్ తీస్కోకు. డాక్టర్ పోతే పోయిండు. తాగుబోతు వేద్దాం. తాగుడుకు డిగ్రీ ఏముంటది?” అన్నాడు.

ఎర్రిబాబు జన్మలో చుక్క ముట్టలేదు. కానీ చిన్నతనంలో సాయంత్రం అయ్యేసరికి కల్లుపాక నుంచి తండ్రిని ఇంటికి నడిపించుకు రావడం అతని పని. తండ్రి బరువంతా తన భుజం మీద వాలుతుంటే ఆ నడక అతని ఒంట్లోకి ఎక్కిపోయింది. తాగినవాడు తూలాలని చూడడు, తూలకుండా ఉండాలని నానా తంటాలు పడతాడు. లేని గుమ్మాన్ని దాటడానికి కాలెత్తుతాడు. స్తంభానికి క్షమాపణ చెప్పుకుంటాడు. ఎర్రిబాబు ఆ వేషం వేస్తే ముందు వరసలో ఆడవాళ్ళు నవ్వుతూ నవ్వుతూ కళ్ళు ఒత్తుకునేవారు.

డిగ్రీ ఉండదన్నది క్రాంతి అపోహ. సంస్థవారు మద్యపాన అర్హతా పరీక్ష పెట్టారు. ఎర్రిబాబుతో పాటు, స్టూడియోలో లైట్లు మోసే దానయ్య కూడా హాజరయ్యాడు. దానయ్య పొద్దుటినుంచే పరీక్షకు తయారవుతూ వచ్చి, హాల్లో కుర్చీ కనబడగానే కూలబడి గుర్రుపెట్టాడు. ఎర్రిబాబు మాత్రం గుమ్మంలోంచి లోపలికి రావడానికే చాలాసేపు తీసుకున్నాడు. గోడ మీది పటానికి నమస్కారం పెట్టి, అది తిరిగి పెట్టలేదని అలిగాడు. బల్ల చుట్టూ తిరిగి, మళ్ళీ బల్ల దగ్గరికే వచ్చినందుకు ఆశ్చర్యపోయాడు. పరీక్షకులు నవ్వలేక చచ్చారు. నరహరి పడిపోకుండా కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

తర్వాత ట్రాఫిక్ పోలీసుల దగ్గర అరువు తెచ్చిన యంత్రంలో ఇద్దరి చేతా ఊదించారు. దానయ్య ఊదితే యంత్రం కీచుమంది. ఎర్రిబాబు ఊదితే కిక్కురుమనలేదు.

దానయ్య ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. ఎర్రిబాబుకు మాత్రం వరాహమూర్తి గారు స్వయంగా తీర్పు చదివి వినిపించారు. “తాగి తూలుట బలహీనత. తాగకుండా తూలుట మోసము. అందునా ప్రభుత్వ పరీక్షకులను నమ్మించునంతటి ప్రావీణ్యముతో తూలుట దురుద్దేశమును సూచించుచున్నది.”

“బాగా సేసినందుకేనా బాబు ఈ శిచ్చ?”

“బాగుగా చేయుటయే తమరి మీద ప్రధాన అభియోగము” అన్నారు వరాహమూర్తి గారు, జాలిగా.

ఆ పైన ‘పకపక బజార్’లో అన్నీ అసలు సరుకులే. దానయ్య స్కిట్టు పొడుగునా స్టేజీ మీద పడి నిద్రపోయాడు. న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చునే మాజీ హీరోయిన్ గారు ఒప్పందం ప్రకారం విరగబడి నవ్వారు. అసలు ఇన్‌స్పెక్టరు ఇన్‌స్పెక్టరుగా వచ్చి, స్టూడియో బయట అడ్డదిడ్డంగా పెట్టిన కార్లకు జరిమానాలు రాసి వెళ్ళిపోయాడు. దొంగ పాత్రకు పోలీసులే సిఫారసు చేసి పంపిన అసలు దొంగ, స్కిట్టు మధ్యలో మైకుతో సహా మాయమయ్యాడు. ఆ సహజత్వానికి మెచ్చి సంస్థవారు ప్రశంసాపత్రం ప్రకటించారు. తీసుకోవడానికి అతను రాలేదు.

ఎర్రిబాబు ఇంట్లో కూర్చుని ఇవన్నీ చూసేవాడు. చూస్తూ చూస్తూ రిమోటు ఒళ్ళోనే పెట్టుకుని, రిమోటు కోసం జేబులు తడుముకునేవాడు. కనకమాలక్ష్మి కుట్టుమిషను ఆపి పకపకా నవ్వేది. అతని వేషాలన్నింటికీ మొదటి నవ్వు ఆమెదే. ఆమె నవ్వకపోతే ఆ ముక్క స్కిట్టులో ఉండేది కాదు.

“మావా, నీకు అరత ఉన్న ఏసం ఒకటుంది కదేటి” అంది ఒకనాడు.

“ఏటది?”

“మొగుడేసం. నాను సాచ్చికం.”

క్రాంతి ఎగిరి గంతేశాడు. పెళ్ళిఫోటో, శుభలేఖ పట్టుకుని పరుగెత్తారు. వరాహమూర్తి గారు ఫోటోను వెలుతురుకు పెట్టి చూసి, భర్త పాత్రకు అర్హత ఖరారు చేశారు. అయితే భార్య పాత్రను సొంత భార్యే ధరించవలెనన్నారు. కనకమాలక్ష్మి మొదట చీరకొంగు నోట్లో కుక్కుకుని సిగ్గుపడింది గాని, స్టేజీ ఎక్కాక ఆమెను దింపడం ఎవరి తరమూ కాలేదు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. మొగుడు నోరు తెరవబోతే, “నువ్వాగు మావా, ఆల్లకి నాను సెప్తాను” అని జనంతో సగం కాపురం చెప్పేసింది. హాలు దద్దరిల్లింది. మాజీ హీరోయిన్ గారు ఒప్పందంతో నిమిత్తం లేకుండా నవ్వారు. ఎర్రిబాబు ఆమె వెనక నిలబడి, తన నటజీవితంలో మొదటిసారి మరొకరి స్కిట్టు చూసి గర్వపడ్డాడు.

అదిగో, అక్కడ నరహరికి అనుమానం వచ్చింది. స్టేజీ మీద వీళ్ళు కీచులాడుతున్నారు సరే, ఇంట్లో కీచులాడతారా? ఇంట్లో అన్యోన్యంగా ఉంటూ స్టేజీ మీద తగాదా పడితే అది కూడా తాగకుండా తూలడమే కదా? వరాహమూర్తి గారు ఆ ప్రశ్నకు పులకరించిపోయి, గృహకలహ తనిఖీకి ఆదేశించారు.

మర్నాటినుంచి నరహరి భోజనాల వేళకు కృష్ణానగర్లో వాలడం మొదలుపెట్టాడు. చాప మీద బాసింపట్టు వేసుకుని, కనకమాలక్ష్మి వడ్డించిన ఆవపెట్టిన పనసపొట్టు కూర రెండుసార్లు వేయించుకుని, చేయి కడుక్కుని, “ఇక తమరు కానివ్వండి” అనేవాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

“కూరలో ఉప్పెక్కువయింది” అనేవాడు ఎర్రిబాబు.

“అయితే నువ్వే వొండుకో” అనేది ఆమె, నవ్వాపుకుంటూ.

నరహరి పెదవి విరిచేవాడు. “ఉప్పు తగాదా ప్రాథమిక స్థాయి అమ్మా. దానితో అర్హత నిలవదు. పైగా కూర బాగుంది. ఇంకాస్త లోతుకు వెళ్ళాలి. పాత సంగతులు తవ్వండి. పుట్టింటివారిని కదపండి. ప్రతి ఇంట్లోనూ ఉంటాయి.”

కొన్నాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చారు. నరహరి లేనప్పుడు కూర్చుని తగాదాలు తయారుచేసుకునేవారు, ఎవరేం అనాలో అనుకుని నవ్వుకునేవారు. కాని నరహరి పసిగట్టాడు. భర్త అర్హత రద్దు చేయాల్సి వస్తుందని, ఆ వారమే ఆఖరి గడువని చెప్పాడు.

గడువు ముగిసే రోజు మధ్యాహ్నం ఎర్రిబాబుకు భయం పట్టుకుంది. ఇది కూడా పోతే మరి వేషమంటూ లేదు. నరహరి ఎదుట కంచం ముందు కూర్చుని, అనుకున్న మాటలు వదిలేసి, అనుకోని మాట ఒకటి అన్నాడు.

“మీ తమ్ముడి పెళ్ళిలో నన్ను వంటోల్లతో పాటు కూకోబెట్టినారు. మీ ఇంట్లో యేసగాడంటే అంత సులకన!”

కనకమాలక్ష్మి చేతిలో గరిటె ఆగింది. ఇది అనుకున్న తగాదాలో లేదు. “అది ఇప్పుడెందుకు మావా?” అంది మెల్లగా.

“ఎందుకేటి? మీ అయ్య ఉన్నన్నాళ్ళూ నన్ను మడిసిగా సూసినాడా?”

ఆమె మొహంలో రంగు మారింది. గరిటె గిన్నెలో పెట్టింది.

“మా అయ్య పేరెత్తకు. మా అయ్య పోయిన నాడు నువ్వెక్కడున్నావు? సూటింగు మానితే ఏసం పోద్దన్నావు. ఆ పీనుగు కాడ నాను కూకునుంటే ఎదురింటోల్ల టీవీలోంచి నీ గొంతు, ఊరంతా పకపకలాడతా. ఏడవడానికొచ్చినోల్లు కూడా ఆ పక్కకి సెవొగ్గినారు. అయ్య కోసం ఏడవాలో, నీ యేసానికి నవ్వాలో తెలీక నాను నోట్లో గుడ్డెట్టుకున్నాను. ఇన్నేళ్ళలో నీకెప్పుడైనా సెప్పినానా?”

ఎర్రిబాబు మొహంలో ఏదో పోగొట్టుకున్న చూపు అలాగే ఉంది, కాని ఇప్పుడది వేషం కాదు. “మాలచ్చీ...” అన్నాడు.

“అద్భుతం!” అన్నాడు నరహరి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. “ఉత్తమ శ్రేణి! నా చేతుల మీదుగా ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు. అమ్మా, కాస్త మజ్జిగ పొయ్యండి.”

ఆమె మజ్జిగ పోసింది. మర్నాడు కుట్టుమిషను పక్కింటివాళ్ళకు అప్పగించి పుట్టింటికి బొబ్బిలి బస్సెక్కింది. ఎర్రిబాబు బస్టాండు దాకా వెంటపడి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆమె కిటికీలోంచి అతని మొహం వంక తేరిపార చూసింది.

“ఇది నిజమో యేసమో నాకు తెలవడం లేదు మావా” అంది. బస్సు కదిలింది.

భార్య ఇంట లేదు కనుక ఎర్రిబాబు భర్త అర్హత నిలుపుదల చేయబడింది. ఉత్తమ శ్రేణి పత్రం మాత్రం పోస్టులో వచ్చింది.

డాక్టరు కాడు, తాగుబోతు కాడు, ఆఖరికి మొగుడు కూడా కాకుండా పోయాడు. క్రాంతి ఫోన్లు ఎత్తడం మానేశాడు. ఈ దశలో వరాహమూర్తి గారే దయతలిచి కబురుపెట్టారు. “నిరాశ వలదు. రికార్డులను పరిశీలించగా, తమరికి ఒక పాత్రయందు సంపూర్ణ అర్హత సిద్ధించినట్లు తేలినది. నిరుద్యోగి!”

ఎర్రిబాబుకు ప్రాణం లేచివచ్చింది. “అయితే స్కిట్టు సెయ్యొచ్చా బాబు?”

“నిరభ్యంతరముగా. అయితే పారితోషికము పుచ్చుకున్న ఉత్తరక్షణము తమరు ఉద్యోగి అగుదురు. కావున ఉచితముగా చేయవలెను. చప్పట్లు సైతము మితముగా స్వీకరించవలెను.”

సంస్థ వార్షికోత్సవం వచ్చింది. సాంస్కృతిక శాఖ మంత్రిగారు ముఖ్య అతిథి. వినోద కార్యక్రమంగా ‘అర్హత గల నిరుద్యోగి ఎర్రిబాబుచే ఉచిత ప్రదర్శన’ అని వేశారు. హాలు నిండా అధికారులు, వారి కుటుంబాలు. ముందు వరసలో మంత్రిగారు అప్పటికే ఆవలింతల మీద ఉన్నారు. వరాహమూర్తి గారి స్వాగతోపన్యాసం అలాంటిది మరి.

ఎర్రిబాబు మైకు ముందుకు వచ్చాడు. ఏం చెయ్యాలో అతనికే తెలియదు. ఒంట్లో ఉత్సాహం లేదు, మనసు బొబ్బిలిలో ఉంది. అన్నీ పోగొట్టుకున్నవాడికి వచ్చే తెగింపు ఒకటి వచ్చింది. వెనక్కి తిరిగి, నడుం వంచి, కనబడని కండువా సర్దుకుని ఇటు తిరిగాడు. తిరిగేసరికి అక్కడ ఎర్రిబాబు లేడు. వరాహమూర్తి గారున్నారు.

“సదరు సభికులకు నమస్కారము. తమరు నవ్వుటకు ఉద్యుక్తులగుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. పండ్లు గలవారు పండ్లు గల నవ్వునకు, పండ్లు లేనివారు చిరునవ్వునకు మాత్రమే దరఖాస్తు చేసుకొనవలెను...”

హాలు ఒక్కసారిగా నవ్వులతో కూలిపోయింది. అధికారుల భార్యలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. గుమస్తాలు మొహాలు దాచుకుని నవ్వారు. మంత్రిగారైతే కుర్చీలో ముడుచుకుపోయి, కళ్ళ నీళ్ళు కారుతుంటే ‘ఇక చాలు’ అన్నట్టు చెయ్యి ఆడిస్తూ, మళ్ళీ ‘కానివ్వు’ అన్నట్టు ఊపారు.

వరాహమూర్తి గారు కంపించిపోతూ లేచారు. “అధ్యక్షపాత్ర ధరించుటకు ఇతనికి అర్హత ఏమున్నది?”

మంత్రిగారు కళ్ళు తుడుచుకుని యథాలాపంగా అడిగారు. “అవునూ, అధ్యక్షుడు కావడానికి అర్హత ఏమిటండీ?”

నరహరి చట్టం తీసి తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు. అన్ని పాత్రలకూ అర్హతలు రాశారు గాని, ఆ ఒక్కదానికే రాయడం మరిచిపోయారు.

“ఏమీ లేదండి” అన్నాడు.

“వరాహమూర్తి గారిని ఎలా వేశారు?”

“ఏమీ లేదు కనకే వేశారండి.”

చిక్కు ముదిరింది. అనర్హ నటన సాక్షాత్తు మంత్రిగారి సమక్షంలో జరిగింది. పైగా మంత్రిగారు నవ్వారు. నేరాన్ని చూసి ఆనందించినవారికి కూడా శిక్ష ఉందని తర్వాత చట్టంలో వరాహమూర్తి గారే పట్టుబట్టి చేర్పించారు. మంత్రిగారి మొహంలో నవ్వు ఇంకిపోయింది. అప్పుడు నరహరి వంగి మంత్రిగారి చెవిలో ఊదాడు: “అయ్యా, ఒక్కటే దారి. ఎర్రిబాబును నిన్నటి తేదీ నుంచి అధ్యక్షుడిగా నియమించేద్దాం. అప్పుడిది వేషం కాదు, విధి నిర్వహణ.”

మంత్రిగారు అక్కడికక్కడే సంతకం పెట్టారు. వరాహమూర్తి గారిని నృత్య సలహా మండలికి మార్చారు. ఆయనకు నాట్యం రాదు కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఎర్రిబాబు ఎత్తైన కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుంటూనే, “నరారి బాబు, ఈ సంస్థని ఇయ్యాలే ఎత్తీద్దారి. కాయితం పట్రండి” అన్నాడు.

“చిత్తం. అయితే రద్దు చేసే అర్హత ఎవరికుందో చట్టంలో లేదండి. దానికొక ఉపసంఘం వెయ్యాలి. అంతవరకు తమరికిచ్చిన కారు, బంగళా తిరిగి ఇచ్చెయ్యడానికి నిబంధనలు ఒప్పుకోవు” అన్నాడు నరహరి.

ఉపసంఘం వేశారు. అది నడుస్తూ ఉంది. ఈలోగా ఎర్రిబాబు ఒక చమత్కారం ఆడితే గదిలో వాళ్ళందరూ గొల్లుమన్నారు. మరొకటి ఆడితే మరింత నవ్వారు. కొన్నాళ్ళకు చమత్కారం కానిదానికి కూడా నవ్వడం మొదలుపెట్టారు. బంట్రోతు అయితే ఆయన నోరు తెరిచేలోగానే నవ్వేసేవాడు. స్టేజీ మీద ఒక్క నవ్వు కోసం చెమటలు కక్కిన మనిషికి ఇది హాయిగానే ఉంది. కండువా వేసుకోవడం ఎప్పుడు మొదలుపెట్టాడో అతనికే గుర్తులేదు. ‘బాబు’ అనడం మానేసి ‘తమరు’ అనసాగాడు.

మొగుడు ఆ సంస్థకే పెద్దయ్యాడని, దాన్ని ఎత్తేస్తానన్నాడని పేపర్లో చూసి, కనకమాలక్ష్మి బొబ్బిలి నుంచి వచ్చింది. ఆశ చావక వచ్చింది. బంట్రోతు గది తలుపు తీస్తే, లోపల కండువా వేసుకున్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“రమ్ము, ఆసీనురాలవు కమ్ము” అన్నాడు ఎర్రిబాబు. గదిలో వాళ్ళు భోరున నవ్వారు.

ఆమె నవ్వలేదు. “ఎత్తీసినావా మావా?”

“సదరు విషయము పరిశీలనలో ఉన్నది.”

మళ్ళీ నవ్వులు. ఆమె అందరి మొహాలూ ఒకసారి కలయజూసింది. “ఇదివరకు నువ్వు నవ్వించీవోడివి. ఇప్పుడు ఈల్లు నవ్వుతన్నారు. అంతే” అంది. తిరిగి గుమ్మం వైపు నడిచింది.

ఎర్రిబాబుకు ఎక్కడో కలుక్కుమంది. కుర్చీలోంచి సగం లేచాడు కూడా. ఇంతలో నరహరి ఫైలు తెచ్చి ముందు పెట్టాడు.

“అత్యవసరం సార్. ఒక ఊళ్ళో పిల్లలు వీధిలో దొంగా-పోలీసు ఆట ఆడుతున్నట్టు ఫిర్యాదు అందింది. ఎవరికీ ఏ అర్హతా లేదట.”

ఎర్రిబాబు మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివాడు. భ్రుకుటి ముడివడింది. “దొంగ పాత్రధారి సంగతి విచారించితిరా?”

“వాడికి అర్హత ఉంది సార్. పక్కింటి దొడ్లో జామకాయలు కోసినట్టు రుజువయింది. పోలీసు పిల్లవాడికే ఏమీ లేదు.”

“అటులైన, దొంగను గౌరవముగా విడిచిపుచ్చి, పోలీసునకు నోటీసు జారీ చేయుడు” అని ఎర్రిబాబు సంతకం పెట్టాడు.

గుమ్మం దగ్గర కనకమాలక్ష్మి ఫెళ్ళున నవ్వింది. తలుపు పట్టుకుని, నడుం వంచుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, ఆపుకోలేక ఆపుకోలేక నవ్వింది. గదిలో వాళ్ళెవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో తెలియక అధ్యక్షుల వారి మొహం వంక చూశారు.

ఎర్రిబాబు కళ్ళజోడు తీసి, భార్య వంక అయోమయంగా చూశాడు.

“ఇందులో నవ్వవలసినదేమున్నది?” అన్నాడు.